రెండు అక్షరాలు కొడితే ఏ మందు వచ్చింది?

2017 డిసెంబర్ 26. అమెరికాలోని నాష్‌విల్ నగరం, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్. మెదడులో రక్తస్రావంతో చేరి, కోలుకుంటున్న 75 ఏళ్ల పెద్దావిడని స్కానింగ్‌కి తీసుకెళ్లారు. ఇరుకు మెషీన్‌లో పడుకోవాలంటే ఆవిడకి భయం. కాస్త కుదురుగా ఉంటుందని డాక్టరు 'వెర్సెడ్' అనే ఇంజెక్షన్ రాశారు. మిడజోలం అనే మందుకి అదో బ్రాండ్ పేరు. కంగారు తగ్గించి మగత తెప్పిస్తుంది.

నర్సు మందుల మెషీన్ దగ్గరికి వెళ్లింది. మన ఏటీఎంలాంటిదే అనుకోండి. స్క్రీన్ మీద పేషెంట్ పేరు, మందు పేరు ఎంచుకుంటే ఆ అర తెరుచుకుంటుంది. ఆమె మందు పేరులో మొదటి రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టింది: వి, ఇ. వెర్సెడ్ కనిపించలేదు. ఎందుకంటే మెషీన్‌లో ఆ మందు మిడజోలం అన్న పేరుతో ఉంది. 'ఓవర్‌రైడ్' నొక్కి మళ్లీ అవే రెండక్షరాలు కొట్టి, లిస్టులో పైన వచ్చిన మందు తీసుకుంది. అది వెకురోనియం.

వెకురోనియం మన చేతులు, కాళ్లు, కనురెప్పలు, ఊపిరి తీసే కండరాలు అన్నింటినీ కదలకుండా చేసేస్తుంది. మనిషిని మాత్రం నిద్రపుచ్చదు. అందుకే ముందు మత్తిచ్చి, ఊపిరి ఆడించే ఏర్పాటు చేతిలో పెట్టుకున్నాకే ఇస్తారు. ఆ పెద్దావిడకి అలాంటి ఏర్పాటేదీ లేకుండా అది ఎక్కింది. మర్నాడు చనిపోయారు.

నర్సు తన తప్పు దాచలేదు, వెంటనే చెప్పింది. అయినా కేసు కోర్టుకెళ్లింది. 2022 మార్చిలో జ్యూరీ ఆమెని దోషి అంది. మే నెలలో జడ్జి మూడేళ్ల ప్రొబేషన్ వేశారు, జైలు లేదు. నర్సింగ్ లైసెన్స్ అంతకు ముందే పోయింది. శిక్ష ఖరారు చేసిన రోజు కోర్టు బయట వందల మంది నర్సులు నిలబడ్డారు. తప్పు చెప్పుకున్నవాళ్లని నేరస్థులని చేస్తే రేపటి నుంచి ఎవరు చెప్పుకుంటారన్నది వాళ్ల ప్రశ్న. నాకూ అదే సరైన ప్రశ్న అనిపించింది.

కోడ్ రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ కథలో నా కన్ను ముందు ఆ సెర్చ్ బాక్స్ మీద పడింది. రెండక్షరాలకే పేర్లు చూపించడం ఫుడ్ యాప్‌లో బాగుంటుంది. బిర్యానీ కోసం 'బి' కొడితే బిస్కెట్లు వచ్చినా ప్రాణం పోదు. మందుల భద్రత మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే అమెరికన్ సంస్థ ఈ ఘటన తర్వాత, కనీసం ఐదక్షరాలు కొడితేగానీ మందు పేరు కనిపించకూడదని సిఫార్సు చేసింది. చాలా చిన్న మార్పు. మనోళ్లు స్ప్రింట్‌లో ఒక మధ్యాహ్నం చేసేసే పని.

కానీ సెర్చ్ బాక్స్ దాటాక కూడా ఆ తప్పుని పట్టుకునే అవకాశాలు మూడున్నాయి. మిడజోలం ద్రవంగా వస్తుంది, వెకురోనియం పొడిగా వస్తుంది, నీళ్లు కలుపుకోవాలి. 'నేనిచ్చేది కలపాల్సిన మందు కాదే' అన్న అనుమానం రావాలి. రెండోది, ఆ సీసా మూత మీదే 'కండరాలు పడిపోయే మందు' అని హెచ్చరిక రాసి ఉంటుంది. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. నిజంగా మిడజోలమే ఇచ్చినా సరే, ఇచ్చాక పక్కన నిలబడి ఊపిరి చూడాలి. ఎందుకంటే అది కూడా ఊపిరి తగ్గించే మందే. మందు పేరు తెలియడం వేరు, మందు తెలియడం వేరు. మత్తు చుట్టూ తిరిగే మందుల విషయంలో ఈ రెంటి మధ్య దూరం కొన్ని నిమిషాలే.

ట్రేలో ఏముంటాయి?

'మత్తు ఇంజెక్షన్' అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం. నిజానికి థియేటర్‌లో ట్రే నిండా సిరంజిలుంటాయి. నిద్రకి ఒకటి, నొప్పికి ఒకటి, కండరాలు వదులవడానికి ఒకటి, బీపీ పడితే లేపడానికి ఒకటి, గుండె నెమ్మదిస్తే పరిగెత్తించడానికి ఒకటి, వాంతులు ఆపడానికి ఇంకొకటి. మన దగ్గర మత్తిచ్చేది మత్తు డాక్టరే. అయితే ఆ మందులు అందించేది, లెక్క చూసేది, వార్డులో తర్వాత గంటల తరబడి వాటి ప్రభావాన్ని కనిపెట్టేది ఎక్కువగా సిస్టర్లు, బ్రదర్లు, థియేటర్ టెక్నీషియన్లు.

పాలలా తెల్లగా ఉండేది ప్రొపొఫోల్. నరంలోకి వెళ్లిన నిమిషంలోపే నిద్ర. సోయా నూనె, గుడ్డు సొనలోని కొవ్వు పదార్థం కలిసి ఉంటాయి కాబట్టి సీసా తెరిచి వదిలేస్తే సూక్ష్మక్రిములకి పండగే. తెరిచాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి. 'కొంచెమే వాడాం కదా, రేపటికి ఉంచుదాం' అనే పొదుపు ఇక్కడ పనికిరాదు. 2009లో మైకేల్ జాక్సన్ ప్రాణం తీసింది ఈ మందే. థియేటర్‌లో రోజూ ఎంతోమందికి క్షేమంగా ఇచ్చే మందుని, ఆయనకి ఇంట్లో, నిద్ర కోసం, సరైన మానిటర్లు లేకుండా ఇచ్చారు. పైగా ప్రొపొఫోల్‌కి విరుగుడు లేదు. దాని ప్రభావం దిగేదాకా ఊపిరి నిలబెట్టడమే మార్గం.

నొప్పికి వాడే ఫెంటనిల్‌ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. మైక్రోగ్రాముకీ మిల్లీగ్రాముకీ తేడా వెయ్యి రెట్లు. చేతిరాతలో ఆ రెండిటి పొట్టి రూపాలూ ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. అందుకే తెలిసిన సిస్టర్ డాక్టరు నోటితో చెప్పిన డోసుని పైకి తిరిగి చెప్పి, అవునన్నాకే ఇస్తుంది. అది చూసి 'ఈవిడకి వినపడలేదేమో' అనుకునే బంధువులుంటారు. వినపడింది కాబట్టే మళ్లీ చెప్తోంది.

సిరంజిలోకి ఎక్కించాక చాలా మందులు నీళ్లలాగే ఉంటాయి. అందుకని ప్రపంచవ్యాప్తంగా ఒక రంగుల పద్ధతి ఉంది. నిద్రపుచ్చే మందులకి పసుపు లేబుల్, మిడజోలం జాతికి నారింజ, కండరాల మందులకి ఎరుపు, ఫెంటనిల్ జాతికి నీలం, బీపీ పెంచేవాటికి ఊదా, మొద్దుబార్చే మందులకి బూడిద రంగు. విరుగుడు మందుకి అదే రంగులో తెల్లటి ఏటవాలు చారలు. ఇంత చక్కటి డిజైన్ సిస్టమ్ చాలా యాప్‌లకి లేదు. మన ఊళ్లలోని చిన్న ఆస్పత్రుల్లో ఇప్పటికీ ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాసి సిరంజికి అతికించడం కనిపిస్తుంది. రాస్తే మేలే. అసలు రాయకుండా 'ఇది నాకు తెలుసులే' అని పక్కన పెట్టిన సిరంజితోనే చిక్కు.

మన దగ్గర ప్రతి సిజేరియన్‌కీ వర్తించే ఉదాహరణ ఒకటుంది. సిజేరియన్‌కి నడుములో ఇచ్చే మందు బుపివకెయిన్. రక్తస్రావం తగ్గడానికి నరంలోకి ఇచ్చేది ట్రానెక్సామిక్ యాసిడ్. రెండూ చిన్న గాజు ఆంప్యూళ్లలో, ఒకే గదిలో ఉంటాయి. రెండోది పొరపాటున వెన్నులోకి వెళ్తే మూర్ఛలు, గుండె లయ తప్పడం, ప్రాణాపాయం. అలా ప్రాణాలు పోయిన కేసులు వివిధ దేశాల్లో నమోదయ్యాక 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఆ రెండు మందుల్నీ వేర్వేరు చోట్ల పెట్టడం, ఎక్కించే ముందు ఆంప్యూల్ మీద పేరు ఇద్దరు చదవడం. ఇందులో ఖర్చేమీ లేదు.

మీ కులం ఎందుకు అడిగారు?

ఆపరేషన్‌కి ముందు జరిగే చెకప్‌లో అడిగే ప్రశ్నలు కొన్ని విచిత్రంగా ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో కొందరు మత్తు డాక్టర్లు, సిస్టర్లు 'మీరు వైశ్యులా?' అని అడుగుతారు. వినగానే ఒళ్లు మండొచ్చు. ఆస్పత్రిలో కూడా కులమేనా అనిపించొచ్చు. కారణం మాత్రం ఒక ఎంజైమ్.

స్కోలిన్ అని ఒక మందుంది. అసలు పేరు సక్సినైల్‌కోలిన్. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండరాలు వదులు చేయడానికి ఇస్తారు. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని కరిగించేస్తుంది కాబట్టి ఐదు, పది నిమిషాల్లో ప్రభావం పోతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్లలో గంటలు పడుతుంది. ఆపరేషన్ అయిపోయినా మనిషి కదలడు, సొంతంగా ఊపిరి తీసుకోడు. దక్షిణ భారతంలోని వైశ్య సమాజంలో ఈ లోపం మిగతా జనాభా కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. దాని వెనకున్న జన్యు మార్పుని గుర్తించిన పరిశోధన 2006లో ప్రచురితమైంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ జన్యువు వస్తేనే పూర్తి లోపం. తరతరాలుగా దగ్గరి సంబంధాలే చేసుకునే సమాజాల్లో ఆ అవకాశం ఎక్కువ.

ఇది జబ్బు కాదు. స్కోలిన్ ఎక్కేదాకా ఆ మనిషికి జీవితంలో దీని ఊసే తెలియదు. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే. తెలియకపోయినా వెంటిలేటర్ మీద ఉంచి ఓపిగ్గా చూస్తే దిగిపోతుంది. చిక్కల్లా 'ఆపరేషన్ అయిపోయిందిగా' అని గొట్టం తొందరపడి తీసేస్తేనే. కాబట్టి ఏ కులమైనా, ఇంట్లో తాతకో, మేనత్తకో ఆపరేషన్ తర్వాత చాలాసేపటిదాకా మెలకువ రాలేదనో, మత్తు పడక ఒళ్లు కాలిపోయిందనో కథ ఉంటే అది తప్పకుండా చెప్పండి. ఒళ్లు కాలిపోవడం ఇంకో వారసత్వ సమస్యకి గుర్తు కావచ్చు. దానికి డాంట్రోలీన్ అనే మందు కావాలి. అది అన్నిచోట్లా సిద్ధంగా ఉండదు.

ఇక మన తరం దాచే విషయాలు. అమ్మానాన్న పక్కనే ఉండగా 'సిగరెట్, మందు, గంజాయి ఏమైనా అలవాటుందా బాబూ?' అని సిస్టర్ అడిగితే ఏం చెప్తాం? 'లేదండీ' అంటాం. ఆవిడకీ తెలుసు. అలాంటప్పుడు వాళ్లని ఒక్క నిమిషం బయటికి పంపమని మీరే అడగొచ్చు. రోజూ తాగే మనిషికీ, గంజాయి తాగే మనిషికీ మత్తు మోతాదు లెక్క మారొచ్చు. ఆపరేషన్ తర్వాత వార్డులో చేతులు వణికి, మాట తడబడితే అది మత్తు దిగకపోవడమా, మందు మానడం వల్లనా అన్నది పోల్చుకోవడానికి కూడా ఆవిడకి మీ నిజం కావాలి.

జిమ్ బ్యాచ్‌కి ప్రత్యేకంగా ఒక మాట. మెఫెంటర్మిన్ అని ఒక ఇంజెక్షన్ ఉంది. నడుములో మత్తిచ్చినప్పుడు పడిపోయిన బీపీని పైకి లేపడానికి మన థియేటర్లలో ఎప్పట్నుంచో వాడుతున్నారు. అదే మందుని వర్కౌట్‌కి ముందు 'పంప్' కోసం పొడిపించుకుంటున్న కుర్రాళ్లున్నారు. హైదరాబాద్‌లో జిమ్‌లకి అమ్ముతూ దొరికిన కేసుల వార్తలు మీరూ చూసే ఉంటారు. గుండెనీ బీపీనీ అలా ఎగదోసుకుని వచ్చిన మనిషికి మత్తిస్తే బీపీ ఎటు పోతుందో చెప్పడం కష్టం. ప్రీ-వర్కౌట్ పొడులు, అశ్వగంధ బిళ్లలు కూడా 'అవి మందులు కావులే' అని వదిలెయ్యకండి. అశ్వగంధకి మగత తెప్పించే గుణం ఉంది. మూలికల బిళ్లలు ఆపరేషన్‌కి రెండు వారాల ముందే ఆపడం మంచిదని మత్తు వైద్యులు చెప్తుంటారు.

అమ్మానాన్నల మాత్రల డబ్బా కూడా చాలా ఇళ్లలో ఇప్పుడు మన బాధ్యతే. అందులో అన్నీ ఆపకూడదు, అన్నీ వేసుకోకూడదు. బీటా బ్లాకర్లు అనే బీపీ, గుండె మాత్రలు సాధారణంగా ఆపరేషన్ రోజు పొద్దున కూడా వేస్తారు, ఉన్నట్టుండి మానేస్తేనే ప్రమాదం. టెల్మిసార్టాన్ లాంటివి చాలామందికి ఆ రోజు ఆపమంటారు, మత్తులో బీపీ మరీ జారకుండా. షుగర్ మాత్రల్లో పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని వచ్చేవి మూడు, నాలుగు రోజుల ముందే ఆపాలి. లేకపోతే రక్త పరీక్షలో షుగర్ మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో ఆమ్లం పేరుకుపోవచ్చు. రక్తం పలుచబడే మాత్రల సంగతి గుండె డాక్టరూ మత్తు డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. బరువు తగ్గడానికి వారం వారం పొడుచుకునే ఇంజెక్షన్లు వాడేవాళ్లలో కడుపు ఖాళీ అవడానికి ఎక్కువసేపు పడుతుంది, అది తప్పక చెప్పాలి. ఏది ఆపాలో ఇది చదివి నిర్ణయించుకోవద్దు. డబ్బా మొత్తం, లేదా ప్రతి స్ట్రిప్ ఫొటో తీసి, చెకప్‌లో చూపించండి. 'తెల్ల మాత్ర ఒకటి, గులాబీది ఒకటి' అని చెప్తే సిస్టర్ ఏం చెయ్యగలదు?

కడుపు సంగతొచ్చింది కాబట్టి, ఉపవాసం లెక్క కూడా. టిఫిన్ లాంటి తేలికపాటి తిండి అయితే కనీసం ఆరు గంటల ముందు ఆపాలి. బిర్యానీ, వేపుళ్లు అయితే ఎనిమిది. మంచినీళ్లు సాధారణంగా రెండు గంటల ముందు వరకూ తాగొచ్చు. పాలు కలిపిన టీ మంచినీళ్ల లెక్కలోకి రాదు. మత్తులో గొంతు కాపలా పోతుంది. కడుపులోది పైకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 'పాపం, పిల్లాడు ఆకలికి ఆగలేడని రెండు ఇడ్లీలే పెట్టాను' అని నాయనమ్మ సిస్టర్ చెవిలో చెప్పేస్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతే. చెప్పకపోతేనే భయం.

సిస్టర్ ఎందుకు నిద్రపోనివ్వదు?

రికవరీ గదిలో బంధువులకి విసుగొచ్చేది ఇక్కడే. పేషెంట్ హాయిగా పడుకుని ఉంటే సిస్టర్ వచ్చి భుజం తడుతుంది. 'పేరు చెప్పండి. కళ్లు తెరవండి. గట్టిగా ఊపిరి తీసుకోండి. తల పైకెత్తండి.' ఆ తల ఎత్తించడం ఒక పరీక్ష. ఐదు సెకన్లు తల నిలబెట్టగలిగితే కండరాల మందు చాలామటుకు దిగినట్టు. మాటకి బదులిస్తున్నాడంటే మెదడు మేలుకుంది. ఊపిరి లెక్క నిమిషానికి ఎనిమిదికో, అంతకన్నా తక్కువకో పడితే మార్ఫిన్, ఫెంటనిల్ ఎక్కువైందేమో అని అనుమానం. దానికి విరుగుడు నలాక్సోన్. ఇచ్చిన రెండు నిమిషాల్లో మనిషి లేచి కూర్చుంటాడు. కథ అక్కడ అయిపోదు. నలాక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే. మార్ఫిన్ ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. విరుగుడు ముందు దిగిపోతే మనిషి మళ్లీ ఊపిరి మర్చిపోతాడు. లేచాడు కదా అని వెళ్లిపోయే సిస్టర్‌కీ, కుర్చీ లాక్కుని కూర్చునే సిస్టర్‌కీ తేడా ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటమే.

ఊపిరి చూడమన్న పాఠానికి మన హైదరాబాద్‌తో పాత బంధం ఉంది. 1888, 1889ల్లో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఆధ్వర్యంలో, నిజాం డబ్బుతో, క్లోరోఫాం మీద ఇక్కడ రెండు కమిషన్లు నడిచాయి. క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెని నేరుగా ఆపదు, కాబట్టి నాడి కంటే ఊపిరిని చూడండి అని లారీ గట్టిగా వాదించారు. గుండె విషయంలో ఆయన లెక్క తప్పని 1911 నాటికి తేలిపోయింది. ఊపిరి మీంచి కన్ను తీయొద్దన్న సగం మాత్రం నిలబడింది.

ఇంకో సంగతి నాకు బగ్ రిపోర్ట్ చదివినట్టే అనిపించింది. చేతికి పెట్టిన కాన్యులాలో, దాని ప్లాస్టిక్ గొట్టంలో, థియేటర్‌లో ఇచ్చిన కండరాల మందు కొన్ని చుక్కలు మిగిలిపోవచ్చు. గంట తర్వాత వార్డులో ఎవరో యాంటీబయాటిక్ ఇద్దామని ముందు సెలైన్ ఎక్కిస్తారు. ఆ చుక్కలు లోపలికెళ్తాయి. మెలకువగా మాట్లాడుతున్న మనిషికి, ముఖ్యంగా చిన్నపిల్లలకి, ఊపిరి ఆగిపోతుంది. పాత సెషన్ డేటా క్లియర్ చెయ్యకుండా కొత్త యూజర్‌ని లాగిన్ చేయించినట్టు. అందుకే థియేటర్ గడప దాటకముందే కాన్యులా కడిగామా అని అడిగి, కాగితం మీద టిక్ పెట్టించే పద్ధతి మంచి ఆస్పత్రుల్లో ఉంటుంది.

నడుములో మత్తిచ్చినవాళ్లకి చూడాల్సినవి వేరు. కాళ్లు ఎంతవరకూ కదులుతున్నాయి, బీపీ ఎంతుంది, యూరిన్ వచ్చిందా. ఆరు గంటలైనా యూరిన్ రాలేదంటే సిగ్గుపడకుండా చెప్పాలి. కెటమిన్ ఇచ్చినవాళ్లు మెలకువొచ్చేటప్పుడు వింత వింత కలలు కని కేకలు వెయ్యొచ్చు. దయ్యం పట్టిందనుకోవద్దు. లైట్లు తగ్గించి, గది నిశ్శబ్దంగా ఉంచి, మెల్లగా మాట్లాడితే చాలావరకూ సర్దుకుంటారు.

గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిలకి డిశ్చార్జ్‌కి ముందు ఒక ప్రశ్న. కండరాల మందుకి విరుగుడుగా సుగమాడెక్స్ ఇచ్చారేమో అడగండి. ఖరీదైన మందు, ఈ మధ్య పెద్దాస్పత్రుల్లో వాడకం పెరుగుతోంది. అది ఆ మాత్రలోని హార్మోన్‌ని కూడా పట్టేసుకుంటుంది. కాబట్టి తర్వాత ఏడు రోజులు కండోమ్ లాంటి ఇంకో పద్ధతి కూడా వాడాలి. మన దగ్గర ఇది ఎవరూ నోరు విప్పి చెప్పరు. పెళ్లికాని అమ్మాయికి ఎలా చెప్పాలా అని మొహమాటం. మీరే అడిగితే సిస్టర్‌కీ సులువు.

అదే రోజు ఇంటికి పంపినా 24 గంటలు బండి నడపొద్దు, ఒంటరిగా ఉండొద్దు, కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. మెలకువొచ్చి గంటల తరబడి కబుర్లు చెప్పిన మనిషి మర్నాడు అందులో సగం గుర్తులేదంటాడు, మిడజోలం చేసే పని అది. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా అని ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తెరిచే మా ఫీల్డ్ వాళ్లకి కూడా ఆ 24 గంటలు వర్తిస్తాయి.